ఈ ఏటి కొత్త బొమ్మ

నాగేశ్వరి బొమ్మల పెట్టె జోలికి ఎవరూ వెళ్లరు. మన్సూరాబాద్‌లోని ఆ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లో ఈ సంగతి సైకిళ్లు తొక్కే పిల్లలకు కూడా తెలుసు. సెల్లార్లో మీటర్ల గది పక్కన, రెండు ఇటుకల మీద, పాత చీర కప్పుకుని కూర్చుంటుంది ఆ ఇనప ట్రంకుపెట్టె. ఏడాదికోసారి దసరా కొలువుకు ఆవిడే తాళం తీస్తుంది, ఆవిడే వేస్తుంది. ఒకసారి వాచ్‌మన్ బిక్షమయ్య పొరపాటున దాని మీద టిఫిన్ డబ్బా పెట్టాడని మూడు రోజులు అతనితో మాట్లాడలేదు మహాతల్లి.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఎల్బీనగర్ వైపు ఆకాశం నల్లబడి, చూస్తూ చూస్తూ ఉండగానే కుండపోత మొదలైంది. మూడున్నరకు ఇంటర్‌కమ్ మోగింది.

"అమ్మా, నేను బిక్షమయ్యను. రోడ్డు మీది నీళ్లు ర్యాంపు దాటి లోపలికొస్తున్నయి. పెట్టె పైకి తెమ్మంటరా?"

నాగేశ్వరి గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. చూడక్కర్లేదు నిజానికి, వారం వారం రాహుకాలాలు ఆవిడకు నోటికే వచ్చు. "మంగళవారం మూడు నుంచి నాలుగున్నర రాహుకాలం. అసలే మహాలయ పక్షం. ఇప్పుడు బొమ్మల్ని కదిపితే ఇంకేమన్నా ఉందా! నాలుగున్నర దాటాక నేనే వస్తాను. అప్పటిదాకా ముట్టుకోకు."

"అమ్మా, నీళ్లు జోరుగొస్తున్నయి..."

"ముట్టుకోవద్దన్నానా!"

"సరే అమ్మా."

పావుగంటకు మళ్లీ మోగింది. మళ్లీ అదే జవాబు చెప్పి పెట్టేసింది. సరిగ్గా నాలుగూ ముప్పై ఒకటికి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మెట్లు దిగింది. దిగి, చివరి మెట్టు మీద అలాగే నిలబడిపోయింది. సెల్లార్లో మోకాళ్లెత్తు నీళ్లు. పెట్టె చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, అది కొట్టుకుపోకుండా కాలు అడ్డం పెట్టి, బిక్షమయ్య నిలబడి ఉన్నాడు. చేత్తో మాత్రం ముట్టుకోలేదు.

పెట్టె పైకి తెచ్చాక నాగేశ్వరి తాళం తీసింది. కొండపల్లి బొమ్మలకు ముక్కలను అతికించిన మక్కు వదిలిపోయి చేతులూ కాళ్లూ వేటికవే ఊడిపోయాయి. రంగులన్నీ కలిసి బురదరంగు నీళ్లయ్యాయి. కాల్చని మట్టిబొమ్మలైతే బొమ్మలే కావు, అడుగున జానెడు ముద్ద. దశావతారాల్లో ఇప్పుడు ఏ అవతారం ఏదో ఆ దేవుడు కూడా చెప్పలేడు.

కారిడార్లో జనం పోగయ్యారు. "అయ్యో అయ్యో, ఇంత జరుగుతుంటే చూసేవాళ్లు లేకపోయారా!" అని ఏడ్చింది నాగేశ్వరి. ఏడుపులో వచ్చిన మాట, అంతే. అసోసియేషన్ సెక్రటరీ పట్టాభికి అది ఫిర్యాదులా వినబడింది. ప్లైవుడ్ వ్యాపారం చేసే మనిషి, అన్నిటికీ వెంటనే నిర్ణయం తీసుకోవడం ఆయనకు గొప్ప.

"ఏమయ్యా బిక్షమయ్యా, పెట్టె పైకి తీసుకెళ్లడానికి నీకు చేతుల్లేవా? ముప్పై ఏళ్ల బొమ్మలయ్యా అవి!"

బిక్షమయ్య ఒక్కసారి నాగేశ్వరి వైపు చూశాడు. తర్వాత నేల చూశాడు. "తప్పయింది సారు" అన్నాడు.

అప్పుడే నాగేశ్వరి చెప్పేసి ఉండాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ చుట్టూ ఉన్నవాళ్లెవరు? గృహప్రవేశాలకు, అన్నప్రాసనలకు, ఆఖరికి కొత్త స్కూటీ షోరూం నుంచి తెచ్చుకోవడానికి కూడా ఈవిడ దగ్గర ముహూర్తం అడిగి వెళ్లేవాళ్లే. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. "పోనీలెండి, ఏం చేస్తాం" అని తలుపు వేసుకుంది.

బుధవారం పొద్దున్నే తలుపు కొట్టింది సుక్కమ్మ. బిక్షమయ్య భార్య. అపార్ట్‌మెంట్ మెట్లన్నీ ఊడ్చి తుడిచేది ఆవిడే. చేతిలో ఖాళీ పెయింటు బకెట్టు.

"అమ్మా, మా ఆయన మతి లేని పని జేసిండు. రాత్రి మస్తు తిట్టిన. గంత పెద్ద వాన పడుతుంటె పెట్టె పక్క నిలబడ్డడంట, పైకి తేలేదంట. ఎందుకంటె చెప్పడు. మూగోని లెక్క కూసున్నడు." కొంగు బొడ్లో దోపుకుంది. "పైసలిచ్చుకునే తాకత్ మాకు లేదు. చేతులైతె ఉన్నయి. గా మన్ను పారబోయకు, నేను బొమ్మలు చేసిస్త."

అతను ఇంట్లో పెళ్లానికి కూడా చెప్పలేదన్నమాట. ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి.

"కాఫీ తాగుతావా?" అంది.

బాల్కనీలో పాత చాప పరిచారు. సుక్కమ్మ పెట్టెలోని ముద్దను బకెట్లోకి తోడి, గుడ్డలో వడకట్టి, రాళ్లూ పుల్లలూ ఏరి, పిండి పిసికినట్టు మడమతో తొక్కింది. నాదర్‌గుల్ అవతల వాళ్ల ఊళ్లో ఆడపిల్లలు బతుకమ్మ కంటే ముందు బొడ్డెమ్మను పెడతారు. పీట మీద పుట్టమన్నుతో మెట్టు మీద మెట్టు కట్టి, పూలు గుచ్చి, చుట్టూ ఆడతారు. "పెండ్లిగాక ముందు మా వాడకట్టు మొత్తానికి బొడ్డెమ్మను నేనే చేసేది. మీ కొలువుకు మెట్లే, మా బొడ్డెమ్మకు మెట్లే. దేవుడు యాడైనా మెట్ల మీదనే కూసుంటడేమో" అని నవ్వింది.

ఉత్త మట్టి ఆరితే పగులుతుంది. నాగేశ్వరికి వాళ్లమ్మ చేటలకు పూసే గుజ్జు గుర్తొచ్చింది. కాగితాలు నానబెట్టి, రుబ్బి, మెంతిపిండి కలిపితే రాయిలా గట్టిపడుతుంది. కాగితాలకు కొదవ లేదు. ఆవిడ భర్త, రిటైరైన లెక్చరర్ శ్రీరామమూర్తిగారు పదేళ్ల పేపర్ల సంపాదకీయాలు తారీఖుల వారీగా కట్టలు కట్టి మంచం కింద దాచారు.

"ఏవండీ, ఆ కట్టలు ఇలా ఇవ్వండి."

"నాగేశ్వరీ, అది చరిత్ర!"

"చరిత్ర ఎక్కడికీ పోదు. నానుతుంది అంతే."

మధ్యాహ్నానికల్లా దేశ రాజకీయాలన్నీ గ్రైండర్లో పడి బూడిదరంగు పిండి అయిపోయాయి. ఆయన కాసేపు అలిగి, తర్వాత ఉండబట్టలేక వచ్చి చీపురుపుల్లలు సమంగా విరిచి ఇవ్వడం మొదలుపెట్టారు. పుల్లలే బొమ్మలకు ఎముకలు. కొబ్బరిపీచు జుట్టు. టైలరు దగ్గర అడుక్కొచ్చిన జాకెట్టు ముక్కలు చీరలు. అగరొత్తుల పెట్టెల్లోని తళుకు కాగితం కిరీటాలు. సగ్గుబియ్యం గుచ్చితే ముత్యాలహారం. మిక్సీ వచ్చిన అట్టపెట్టె, ఫ్యాను వచ్చిన అట్టపెట్టె, చెప్పుల డబ్బాలు పేర్చి, పైన తెల్లపంచె పరిస్తే ఏడు మెట్లు. కొలువు ముందు పచ్చగా పార్కు ఉండాలి కదా, అందుకు పళ్లెంలో మట్టి పోసి మెంతులు చల్లారు. కొలువు పెట్టే సోమవారానికి మొలకెత్తి తీరాలని శ్రీరామమూర్తిగారు రోజుకు నాలుగుసార్లు వెళ్లి వాటిని చూసి వచ్చేవారు.

గురువారం రంగుల కోసం ఆడవాళ్లిద్దరూ మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లారు. ఎస్కలేటర్ ముందు నాగేశ్వరి ఆగిపోతే, సుక్కమ్మ చెయ్యి పట్టుకుని, "నడువమ్మా, మనం నిలబడితె చాలు, గదే తీస్కపోతది" అని లాక్కుపోయింది. ఒక దుకాణంలో దశావతారాల సెట్టు చూశారు. ధర విని నాగేశ్వరి చేతిలోని వామనుణ్ణి, నిద్రపోతున్న పసివాణ్ణి పడుకోబెట్టినంత జాగ్రత్తగా కింద పెట్టేసింది.

"గీ ముక్కు చూడమ్మా" అంది సుక్కమ్మ గొంతు తగ్గించకుండానే. "రాముడికీ రావణుడికీ ఒకటే ముక్కు. మనమే నయం, మనిషికో ముక్కు పెడుతున్నం."

దుకాణం వాడు కూడా నవ్వేశాడు. సందులో పోస్టరు రంగులు, బంగారు పొడి, రెండు సన్న కుంచెలు కొనుక్కుని, మిర్చిబజ్జీలు తిని వచ్చారు. వస్తూ వస్తూ రైల్లో సుక్కమ్మ అంది: "నువ్వింత మంచిదానివి, నిన్ను పరేషాన్ చేసిండు చూడమ్మా మా ఆయన." నాగేశ్వరి కిటికీలోంచి చైతన్యపురి మేడలు చూస్తూ కూర్చుంది. ఆ మాట చెంప మీద కొట్టినట్టే ఉంది.

శుక్రవారానికి బొమ్మలు ఆరాయి. దేవుళ్లు వచ్చారు, కానీ దేవుళ్లతో ఆగలేదు. సుక్కమ్మ చెయ్యి ఒకసారి మొదలయ్యాక ఊరుకునే రకం కాదు. తోపుడుబండి మీద జామకాయలవాడు వచ్చాడు. హెల్మెట్టు పెట్టుకుని స్కూటీ నడిపే మూడో అంతస్తు విజయదుర్గ వచ్చింది. నాదర్‌గుల్ మీద పొద్దంతా గిరగిరా తిరిగే ట్రైనింగు విమానం కూడా ఐస్‌క్రీం పుల్లల రెక్కలతో దారానికి వేలాడింది. "దేవుళ్ల మీద ఇమానం తిరగొచ్చా అమ్మా?" అని సుక్కమ్మకు అనుమానం వచ్చింది. నాగేశ్వరి ఏనాడూ అనని మాట అంది: "ఏం కాదు, తిరగనీ." ఆ మూడు రోజుల్లో ఆవిడ ఒక్కసారి కూడా క్యాలెండర్ వైపు చూడలేదు. చూస్తే మంగళవారం గడి కనిపిస్తుంది మరి.

నిజం చెప్పాలంటే, ముప్పై ఏళ్లలో ఎప్పుడూ ఇంత సంబరం లేదు ఆవిడకు. ఇన్నేళ్లూ బొమ్మలు తీయడం, తుడవడం, పెట్టడం, మళ్లీ దాచడం. వేళ్ల సందుల్లో మట్టి ఇరుక్కోవడంలో ఇంత హాయి ఉందని అరవయ్యో ఏట తెలిసింది. ఆ హాయి అంతా అబద్ధం మీద కూర్చుని ఉందని కూడా తెలుస్తూనే ఉంది.

శనివారం పట్టాభి వచ్చాడు. బొమ్మలు చూసి మెచ్చుకుని, సోఫాలో కూర్చుని, మేలు చేసినవాడి గొంతుతో అన్నాడు: "మీరు పెద్దమనసుతో నోరు విప్పరు గానీ పిన్నిగారూ, మీ బాధ నాకు తెలుసండి. కొత్త వాచ్‌మన్‌ని మాట్లాడేశాను. పండగ అవగానే వీళ్లను గది ఖాళీ చెయ్యమన్నాను. మీ కోసమే."

"పట్టాభిగారూ, అసలు ఆ రోజు..." అంది నాగేశ్వరి.

"మీరేం మొహమాటపడకండి. ఆ అన్నట్టు, మా అబ్బాయి వంశీకృష్ణ కొత్త ఫ్లాటుకి మీరు పెట్టిన ముహూర్తం అద్భుతం అంటున్నారండి అందరూ!"

మళ్లీ అదే వెలక్కాయ. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు.

బాల్కనీలో సుక్కమ్మ అంతా విన్నది. లక్ష్మీదేవికి కన్ను దిద్దుతోంది. ఊపిరి బిగపట్టి, నల్లచుక్క పెట్టి, కుంచె దించి, అప్పుడు మాట్లాడింది. "ఏం కాదమ్మా. ఇంకో అపార్ట్‌మెంటు చూస్కుంటం. ఊకె దిగులు పడకు. తప్పు మాది." తిరిగి నాగేశ్వరినే ఓదారుస్తోంది! నాగేశ్వరి వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో బాగా ఏడ్చింది.

ఆ సాయంత్రం సుక్కమ్మ వెళ్లాక, మిగిలిన మట్టి తీసుకుని ఒంటరిగా కూర్చుంది. కొలువులో ఏటా ఒక్క కొత్త బొమ్మైనా ఉండాలని ఆనవాయితీ. ఈసారి అన్నీ కొత్తవే, అయినా తానొక్కతే చేసింది ఒక్కటీ లేదు. మొదటి బొమ్మకు మెడ నిలవలేదు. రెండోది కూలిపోయింది. మూడోది నిలబడింది. ఖాకీ చొక్కా, మోకాళ్లదాకా నీలిరంగు నీళ్లు, కాలికి ఆనుకుని ఒక పెట్టె.

ఆదివారం పొద్దున సుక్కమ్మ ఆ బొమ్మను చూసింది.

"గిది మా ఆయన గద?"

"అవును."

"మా ఆయన తప్పును బొమ్మ జేసి మెట్టెక్కిస్తవా అమ్మా? వచ్చినోళ్లందరు చూసి నవ్వాల్నా?" గొంతు పెరగలేదు, సన్నబడింది. "పొమ్మంటె పోతం. గిట్ల చేస్తవనుకోలే."

"సుక్కమ్మా, ఇంకో బొమ్మ ఉంది, అది చెయ్యాలి. రేపు సాయంత్రందాకా ఆగు."

సుక్కమ్మ చేతులు కడుక్కుంది. కాఫీ తాగకుండా వెళ్లిపోయింది. ఆ రోజు అమావాస్య, బతుకమ్మ పండగ మొదటిరోజైన ఎంగిలిపూల బతుకమ్మ. సాయంత్రం కింద ఆవరణలో ఆడవాళ్లు పూలు పేర్చి చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, సుక్కమ్మ ఆడుతోంది, పాడుతోంది, ఒక్కసారి కూడా తలెత్తి ఈ బాల్కనీ వైపు చూడలేదు. ఆ పాట వింటూ నాగేశ్వరి రెండో బొమ్మ చేసింది. దీనికి మెడ మొదటిసారే నిలబడింది.

సోమవారం పొద్దున కుంకుమభరిణె పట్టుకుని మెట్లు దిగింది. గేటు పక్క గదిలో సగం సామాను అప్పుడే మూటలు కట్టి ఉంది. నాగేశ్వరి గడప దాటి లోపలికి వెళ్లి, సుక్కమ్మకు బొట్టు పెట్టి, "సాయంత్రం పేరంటానికి రావాలి. బిక్షమయ్యా, నువ్వూ రావాలి. మీరిద్దరూ రాకుండా కొలువుకి హారతి ఇవ్వను" అంది.

సుక్కమ్మ తిరిగి మూట కట్టడంలో పడింది. "వస్తమమ్మా" అన్నాడు బిక్షమయ్య.

సాయంత్రం ఇల్లు పట్టలేదు. ఏడు మెట్ల మీద దేవుళ్లు, పైన విమానం, కింద రెండంగుళాలు మొలిచిన మెంతుల పార్కు, దాని మధ్య పాత సీడీతో చెరువు. విజయదుర్గ తన స్కూటీని చూసుకుని కేక వేసింది. పిల్లలు జామకాయలవాణ్ణి వదలడం లేదు. అమల అనే కొత్త కోడలు ఏ దుకాణంలో కొన్నారని అడిగి, పాత సంపాదకీయాల గుజ్జని తెలుసుకుని తెల్లబోయింది. పట్టాభి దంపతులు ముందు వరసలో కూర్చున్నారు. సుక్కమ్మ, బిక్షమయ్య గుమ్మం దగ్గర, గోడకు ఆనుకుని నిలబడ్డారు.

అన్నిటికంటే కింది మెట్టు మీద ఏదో జేబురుమాలు కప్పి ఉంది. నాగేశ్వరి హారతిపళ్లెం పక్కన పెట్టి, రుమాలు తీసింది. నీళ్లలో నిలబడ్డ బిక్షమయ్య. ఆ పక్కనే అగ్గిపెట్టెల మేడ మీద, ఒక లావుపాటి ఆడమనిషి. ఆకుపచ్చ చీర, నడినెత్తిన కొబ్బరిపీచు ముడి, ముక్కుకు ఆనించుకున్న పంచాంగం. కింద మునుగుతున్న పెట్టె ఆవిడకు కనబడటం లేదు, పంచాంగం అడ్డం మరి.

"ఇదీ ఈ ఏటి కొత్త బొమ్మ" అంది నాగేశ్వరి. "మంగళవారం మూడున్నరకు బిక్షమయ్య నాకు ఫోన్ చేశాడు. పెట్టె పైకి తెస్తానన్నాడు. రాహుకాలం, ముట్టుకోవద్దన్నాను. పావుగంటకి మళ్లీ చేశాడు, మళ్లీ అదే చెప్పాను. నీళ్లలో నిలబడి నా మాట నిలబెట్టాడు. బొమ్మలు ముంచింది అతను కాదు, నేను. ఆరు రోజులుగా అతని మీద తప్పు పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. అది బొమ్మలు పోవడం కంటే పెద్ద పాపం."

అప్పుడు విజయదుర్గ ముందుకు వంగి ఆకుపచ్చ చీర బొమ్మను చూసింది. చూసి, "ఆంటీ, ముడి మాత్రం అచ్చం మీదే!" అంది. అంతే, ఎవరో కిసుక్కుమన్నారు, ఇంకెవరో ఆపుకోలేకపోయారు, చివరికి నాగేశ్వరి కూడా కళ్లు తుడుచుకుంటూనే పకపకా నవ్వేసింది.

పట్టాభి ఇబ్బందిగా కదిలాడు. "మరి నేను కొత్తవాడికి మాటిచ్చేశానే..."

శ్రీరామమూర్తిగారు గడియారం చూశారు. "ఇప్పుడు రాహుకాలం కూడా కాదండి, నిక్షేపంగా ఫోన్ చేసి వద్దని చెప్పేయొచ్చు."

ఇల్లు మళ్లీ ఘొల్లుమంది. పట్టాభి నవ్వలేక నవ్వుతూ ఫోను తీసుకుని బాల్కనీలోకి నడిచాడు. "అవునయ్యా, అక్కర్లేదు, ఉన్నవాళ్లే ఉంటారు" అన్న మాట అందరికీ వినబడింది.

గుమ్మం దగ్గర సుక్కమ్మ మాత్రం నవ్వలేదు. మొగుడి వైపు తిరిగింది. "ఆరొద్దుల సంది తిడుతున్న నిన్ను. అన్నం పెట్టుకుంట తిట్టిన, నీళ్లు తోడుకుంట తిట్టిన. ఒక్క మాటన్న చెప్పొద్దా నాకు?"

"నీకు చెప్తె నువ్వు ఊకుంటవా? ఐదంతస్తులు వినబడేటట్టు లొల్లి చేస్తవు. అమ్మ ఇజ్జత్ పోదా?" అన్నాడు బిక్షమయ్య. తర్వాత నాగేశ్వరి వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో, ఆ రోజు నీళ్లలో పెట్టె పక్కన నిలబడ్డప్పుడు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. "అమ్మే చెప్తదని నాకెరుక. జర లేటయింది, గంతే."

జనం మళ్లీ నవ్వారు. నాగేశ్వరి నవ్వలేదు.

"అవును బిక్షమయ్యా, లేటయింది" అని, శనగలూ తాంబూలమూ ఉన్న మొదటి పళ్లెం తీసుకుని, కూర్చున్న పేరంటాళ్లందరినీ దాటుకుంటూ గుమ్మం దగ్గర నిలబడ్డ సుక్కమ్మ దగ్గరికి నడిచింది.